రిలీవర్ వచ్చేవరకు

పంతొమ్మిది వందల తొంభై మూడు డిసెంబరులో, పండుగకు సరిగ్గా రెండు వారాల ముందు, బర్నబా తన ఇంటి వంటగది తలుపుకు ఒక కాగితం అంటించాడు. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో అతడు షిఫ్టు ఇన్‌ఛార్జి. కంపెనీ వారు మూడు రోజుల శిక్షణకు కూర్చోబెట్టగా, బొంబాయి నుంచి వచ్చిన ఒక ఉపన్యాసకుడు మనిషికి అలసట తెచ్చేది పని కాదనీ, ప్రణాళిక లేని పని అనీ బోధించాడు. ఈ జ్ఞానాన్ని ఫ్యాక్టరీలో ప్రయోగించడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. అందువల్ల బర్నబా దానిని చిట్కుల్‌లోని తన ఇంటిమీద ప్రయోగించాడు. కాగితానికి పెట్టిన శీర్షిక "టెన్షన్ లేని క్రిస్మస్".

అతని భార్య సౌభాగ్యమ్మ ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులమ్మ. ఏ కాగితాన్నైనా జవాబుపత్రం లాగే చదివే మనిషి. కళ్లజోడు సవరించుకుని ఈ కాగితాన్నీ అలాగే చదివింది. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. గరిజలు వత్తుట, మసాలా నూరుట, నలభై మందికి బగారన్నం, మాంసం, దాల్చా. ఆమె పేరు పదకొండు చోట్ల ఉంది. గుమ్మడిదల నుంచి వచ్చే ఆడబిడ్డ మార్తమ్మ పేరు ఒకచోట, "రుచి చూచుట" అనే పనికి ఎదురుగా ఉంది. బర్నబా పేరు కూడా ఒకచోటే ఉంది, అట్టడుగున: "మొత్తం పర్యవేక్షణ".

పండుగనాటి పట్టికలో ఒక వరుస దగ్గర ఆమె చూపు ఆగింది. "వాక్యపఠనం, నాలుగు నిమిషాలు. పోవుట, వచ్చుట కలిపి పది."

పెళ్లయిన ఇరవై ఆరేళ్లుగా ప్రతి క్రిస్మస్‌కూ సౌభాగ్యమ్మ కొత్త చీర కట్టుకుని చర్చికి పోతుంది. రెండో పాట కాగానే, పొయ్యిమీద కూర గంజు ఉన్నదని లేచి ఇంటికి వచ్చేస్తుంది. ఆ ఒక్కరోజు ప్రసంగం ఎలా ముగుస్తుందో ఆమె ఎన్నడూ వినలేదు. పండుగ ఆరాధనలో వాక్యం చదవడం అక్కడ మొదటినుంచీ మగవారి హక్కు. వారిలో ఇద్దరికి చదవడమే సరిగా రాదు. అయినా ఏటా చదివేవారు. ఈ ఏడు కొత్తగా వచ్చిన పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు, ఆడవాళ్లలో ఒకరు చదవాలని చెప్పి ఆమె పేరు ఇచ్చారు. పాఠం ఇరవై వచనాలు. అవి చదివి, తన చోట కూర్చుని, చివరి ఆమెన్ దాకా కదలకుండా ఉండాలని ఆమె కోరిక. అంతకు మించి ఆ పండుగ నుంచి ఆమె ఏమీ ఆశించలేదు.

ఇరవై వచనాలు నాలుగు నిమిషాల్లో ఎలా అవుతాయని భర్తను అడిగింది. మొదటి అయిదు చదివితే చాలుననీ, తెలిసిన సంగతే గనుక మిగతాది వినేవాళ్లే పూర్తి చేసుకుంటారనీ అతడు జవాబిచ్చాడు. ఆ అయిదింటికీ ఆమె బైబిలులో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టి ఇచ్చాడు.

కోపం వచ్చినప్పుడు సౌభాగ్యమ్మ గొంతు పెరగదు, వాక్యాలు పొట్టివవుతాయి. ఆ సాయంత్రం చాలా మర్యాదగా ఒక సందేహం వెలిబుచ్చింది.

"గిన్ని షిఫ్టులు పెట్టిన్రు. మీ దగ్గర ఒక షిఫ్టు ఇంకో షిఫ్టుకు పని ఎట్ల అప్పజెప్తది?"

బర్నబా ముఖం వెలిగింది. పోయేవాడు లాగ్‌బుక్కులో రాస్తాడు, వచ్చేవాడు సంతకం పెడతాడు, ఆ క్షణం నుంచి బాధ్యత సంతకానిది. బాయిలర్ కింద మంట ఉన్నంతసేపు, రిలీవర్ వచ్చేవరకు మనిషి అక్కడినుంచి కదలకూడదు. ఒక వానాకాలం వాగు పొంగి రిలీవర్ మొగులయ్య డ్యూటీకి రాకపోతే, తాను పదహారు గంటలు ఒక్కడే బాయిలర్ ముందు కూర్చున్న సంగతి కూడా చెప్పాడు. ఆ సంగతి ఆ ఇంట్లో చాలాసార్లు చెప్పబడింది. ఎవరైనా ఆసక్తితో వినడం ఇదే మొదలు.

"ఆకలైనా కదలద్దా?"

"కదలద్దు."

"ఇంట్ల పనున్నా?"

"మనింట్ల ఏమున్నదో బాయిలర్‌కు తెలుస్తదా, సౌభాగ్యం."

"అయితే మనకు గూడ ఒక లాగ్‌బుక్కు కావాలె," అన్నది సౌభాగ్యమ్మ.

మర్నాడే తెచ్చాడు, గట్టి అట్టది. ఆనాటి నుంచి ప్రతి పనీ అందులోకి ఎక్కింది. "గరిజలు రెండు వందల పది. పిండి మిగలలేదు." అతడు సంతకం పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు పుస్తకం చాపితే సంతకం పెట్టడం అతని చేతికి అలవాటు. చూపుతో దానికి పని లేదు. మూడో రోజుకే చదవడం మానేశాడని సౌభాగ్యమ్మ గమనించింది. గమనించినదాన్ని పరీక్షించకుండా నమ్మడం ఆమె పద్ధతి కాదు. అయిదో రోజు, "ఇంటాయనను రేపు ఉదయం చింతచెట్టుకు కట్టవలెను" అని రాసి చాపింది. తేదీ వేసి మరీ సంతకం పెట్టాడు.

పండుగ వచ్చింది. మార్తమ్మ ముందురోజే దిగి, వాకిట్లో కుర్చీ వేయించుకుని, వేగుతున్న ప్రతిదాన్నీ రుచి చూసి, ప్రతిదానికీ ఒక లోపం చెప్పి, ముందు వరుస దొరకదేమోనని తొమ్మిదికే చర్చికి వెళ్లిపోయింది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా పనిచేసే చిన్నరాములు వాకిట్లో టెంటు కట్టి బెంచీలు వేస్తున్నాడు. బగారన్నం, దాల్చా అయిపోయి మూతల కింద ఉన్నాయి. మూడు రాళ్ల పొయ్యిమీద మాంసం గంజు ఒక్కటే మిగిలింది.

తొమ్మిది నలభైకి బర్నబా కొత్త సఫారీ సూటు తొడుక్కుని, అత్తరు రాసుకుని బయటికి వచ్చాడు. తెల్ల పట్టుచీరలో సౌభాగ్యమ్మ పుస్తకమూ పెన్నూ చాపింది. సంతకం పడింది.

"ఇప్పుడు చదువుకోండి," అన్నది.

చదివాడు. "సమయం 9.40. మాంసం పన్నెండు కిలోలు, సగం ఉడికినది. పది నిమిషాలకొకసారి కలపవలెను, లేనిచో అడుగంటును. ఛార్జి తీసుకున్నవారు: మొత్తం పర్యవేక్షణ."

"ఇదేంది?"

"మీ సంతకం."

"మరి నేను చర్చికి రావద్దా?"

"రిలీవర్ వచ్చినంక రావచ్చు."

"రిలీవరెవరు?"

"నేనే. ఆరాధన కాంగనే వస్త."

పక్కింటి రాజవ్వ గోడమీద మోచేతులు ఆన్చి ఇదంతా వింటోంది. ఆమె నాలుగెకరాలు పదేళ్ల కింద ఫ్యాక్టరీ కిందికి పోయాయి. "సంతకం పెట్టినంక ఏం చేస్తవు, బర్నబయ్యా," అన్నది. "మా భూమి గూడ గిట్లనే పాయె."

బర్నబా చిన్నరాములు వైపు చూశాడు. చిన్నరాములు రెండడుగులు వెనక్కు వేసి, కాంట్రాక్టు మనిషి బాయిలర్‌ను ముట్టుకోవద్దని సారే చెప్పారు గదా అని వినయంగా గుర్తుచేశాడు. సౌభాగ్యమ్మ అప్పటికే గేటు దాటింది.

మొదటి పాట మధ్యలో కరెంటు పోయింది, మైకు మూగబోయింది. రెండో పాట ముగిసింది. సౌభాగ్యమ్మ మోకాళ్లు అలవాటుగా లేవబోయాయి. రెండు చేతులతో వాటిని నొక్కిపట్టింది. మూడో పాట మొదలైంది. ఆ పాటకు అన్ని చరణాలున్నాయని ఆమెకు ఆనాడే తెలిసింది.

అప్పుడు చిన్నరాములు గోడ వారగా వంగి వచ్చి ఒక చీటీ ఇచ్చాడు. "అర్జెంటు. పొగకు ఆపరేటర్‌కు కండ్లు కనబడుత లేవు. రిలీవర్‌ను పంపవలెను." ఆమె వెనకవైపు రాసి పంపింది: "ఆపరేటర్ గాలికి ఎదురుగా కూర్చున్నాడు. దిక్కు మార్చుకోవలెను. స్థలం విడువరాదు."

రెండో చీటీ వచ్చేసరికి అయ్యగారు సరిగ్గా ఆమె పేరు పిలుస్తున్నారు. మడత విప్పలేదు. అడుగంటిందేమో. నలభై మంది తినే కూర. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ అడుగంటనిది. ముందు వరుసలో మార్తమ్మ మెడ చాపి చూస్తోంది. సౌభాగ్యమ్మ చీటీని గ్రంథంలో పెన్సిలు గుర్తులున్న చోట పెట్టి లేచింది. మైకు లేదు గనుక తరగతి గొంతుతో, చివరి బెంచీకి వినబడేలా, ఇరవై వచనాలూ చదివింది. తన చోటికి వచ్చి కూర్చుంది. ప్రసంగం విన్నది, అందులో రెండు తప్పులున్నాయి, క్షమించింది. ఆశీర్వాదం విన్నది. ఆమెన్ అన్నాకే చీటీ విప్పింది.

"ఉప్పు చూసిన. మంచిగున్నది."

ఇంటికి వచ్చేసరికి సఫారీ చొక్కా దండెం మీద ఉంది, బర్నబా బనీను మీద ఉన్నాడు. కూర అడుగంటలేదు. లాగ్‌బుక్కులో పది నిమిషాలకొకటి చొప్పున పదమూడు పంక్తులున్నాయి, అన్నీ ఒకటే: "ఉప్పు చూడబడినది. సరి." ఫ్యాక్టరీ పద్ధతి ప్రకారం ప్రతిసారీ రెండు నమూనాలు తీయబడ్డాయనీ, ఒకటి సారు తిన్నాడనీ, రెండోది చిన్నరాములు తిన్నాడనీ, నమూనా అంటే చిన్న ముక్క అనుకోవద్దనీ రాజవ్వ గోడమీది నుంచి నివేదించింది.

మార్తమ్మ మూత తీసి చూసింది. పన్నెండు కిలోల మాంసం ఇంతేనా అని నిలదీసింది. ఆపరేటర్లిద్దరూ ఆకాశం చూశారు.

ఆ తర్వాత బర్నబా భార్య దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"ఎట్ల చదివినవ్? మైకు బందాయె. చెవులు రిక్కించుకుని కూసున్న. ఒక్క ముక్క ఇనబడలే."

అది ఫిర్యాదో, మరొకటో తేల్చడానికి ఆమె అతని ముఖం పరీక్షగా చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్ల కావచ్చు. ఆమె గ్రంథం తెరిచింది. విస్తళ్ల ముందు నలభై మంది కూర్చుని ఉన్నారు.

"అన్నం సల్లగైతది," అన్నది మార్తమ్మ.

"ఇరవై వచనాలే, వదినె. మీ తమ్ముడు ఇనలేదు."

చదవడం మొదలుపెట్టింది. పశువుల తొట్టి, బిడ్డ పుట్టడం, పొలంలో కాపరులు, వాళ్లు త్వరపడి ఊళ్లోకి రావడం. రాజవ్వ గోడ వదిలి ఇటు వచ్చి బెంచీ చివర కూర్చున్నది. ఆమె అది వినడం మొదటిసారి.

"జెర ఆగు, టీచరమ్మా," అన్నది రాజవ్వ. "పచ్చి బాలింత. గంత దూరం నడిసొచ్చిన మనిషి. గామె ఇంటికి గింతమంది సుట్టాలు దిగిన్రు అంటివి. గాళ్లకు అన్నం ఎవలొండిన్రు?"

సౌభాగ్యమ్మ వేలు పెట్టి పైనున్న వచనాలు చూసింది, కిందివి చూసింది, పేజీ తిప్పి చూసింది.

"రాయలేదు," అన్నది.

"వండకుంట ఉంటరా?"

"ఉండరు. రాయలేదు అంతే."

మార్తమ్మ తన ఖాళీ విస్తరిని శ్రద్ధగా పరిశీలించింది. బర్నబా ఎవరూ చెప్పకుండానే గంటె చేతిలోకి తీసుకున్నాడు. కుర్చీ ఒకటి భార్య వెనకకు జరిపి, మొదటి బంతికి వడ్డించడం మొదలుపెట్టాడు. ముక్కలు ఆచితూచి వేశాడు.

ఇంకా నాలుగు వచనాలున్నాయి. సౌభాగ్యమ్మ వాటిని కూర్చుని చదివింది.