పేరు లేని బటన్

చెవిలోని యంత్రపు గొంతు "బటన్" అంది. వెంకట్రాజం ఇంకోసారి మీట నొక్కాడు. "బటన్" అంది మళ్ళీ. అంతే. దేనికి బటనో చెప్పలేదు.

ఏది ఏదో పక్క కుర్చీలో ఆ వెబ్‌సైట్ తయారుచేస్తున్న ఏంజెల్‌ని అడిగి తెలుసుకున్నాడు. ఇయర్‌ఫోన్ తీసి మెడలో వేసుకుని బ్రెయిలీ పలకను దగ్గరికి లాక్కున్నాడు. అందులో బిగించిన మందపాటి కాగితం మీద, కుడి నుంచి ఎడమకు, పొట్టి సూదితో టకటకా పొడుచుకుంటూ పోయాడు. ‘చివరి పేజీ. మొదటి బటన్ టోకెన్ ఖాయం చేసేది. రెండోది రద్దు చేసేది. తెర మీద పేర్లున్నాయి, గొంతుకు లేవు. పెట్టాలి.’

యాభై రెండేళ్ళ మనిషి. ఏడో ఏట తట్టు పోసి చూపు పోయింది. కాశిబుగ్గలో నాన్న మగ్గం పక్కన కూర్చుని, పోగు తెగితే చప్పుడును బట్టి ఆయన కన్నా ముందే చెప్పేవాడు. హన్మకొండలోని ఈ చిన్న ఆఫీసులో ఇప్పుడు చేసేదీ అదే. వెబ్‌సైట్ చూపులేనివాళ్ళకు ఎక్కడ తెగిపోతుందో విని చెప్పడం. ఆఫీసుకు మాత్రం అతని చెవి కన్నా సంతకం ముఖ్యం. చూపులేని మనిషి వాడి చూశాడన్న కాగితం లేనిదే, ఈ వెబ్‌సైట్ చేయించుకుంటున్న దవాఖానవాళ్ళు దాన్ని తీసుకోరు.

ఆ దవాఖానలోనే బుధవారం, శనివారం అతనికి డయాలసిస్. మూత్రపిండాలు చెడి రెండేళ్ళయింది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టవు. ఇంతకాలం కౌంటర్లో పేరు రాయించుకుంటే సరిపోయేది. ఇకమీదట ముందురోజే ఫోన్‌లో టోకెన్ ఖాయం చేసుకున్నవాళ్ళకే మంచం.

ఓనర్ భాస్కర్ కాగితం పట్టుకొచ్చాడు. "అన్నా, జర సంతకం పెట్టు. మూడింటికి ఓపెనింగ్."

"పేర్లు లేకుంట ఎట్ల పెట్టాలె తమ్మీ? నంబర్ లేని బస్సు ఎక్కినట్టుంటది."

"నంబర్ ఉంటే నీకు కనవడ్తదా?"

"కండక్టర్ ఒర్లుతడు గద. నీ బటన్ నోరే తెరుస్తలేదు."

ఏంజెల్ కిసుక్కున నవ్వింది. "నేను పెడ్త గదా అంకుల్. మీరు సంతకం చెయ్యుండ్రి."

వెంకట్రాజం సూదిని వేళ్ళ మధ్య కాసేపు తిప్పాడు. ఈ ఊళ్ళో అతన్ని పనికి పిలిచే ఆఫీసు ఇంకోటి లేదు. భాస్కర్ కాగితం మీద స్కేలు ఆనించాడు. వెంకట్రాజం దాని అంచు తడుముకుంటూ తన పేరు రాశాడు.

సాయంత్రం ఇంట్లో ఫోన్‌లో దవాఖాన పేజీ తెరిచి చెవికి ఆనించుకున్నాడు. శనివారం, పది గంటలు, అంది గొంతు. తర్వాత "బటన్", "బటన్". ఏంజెల్ ఇంకా పెట్టలేదన్నమాట.

భార్య సమ్మమ్మ జొన్నపిండి చేతులతో పొయ్యి దగ్గర నుంచి తొంగిచూసింది. ఆమెకు చదువు రాదు. "పక్కింటోళ్ళతోని జూపియ్యరాదు?"

"వాళ్ళు చూసుడేంది? పొద్దటి సంది నా చెవులనే ఉంది."

మొదటి బటన్ నొక్కాడు. "ధన్యవాదాలు" అంది గొంతు.

మర్నాడు కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. "పేరు లేదు పెద్దాయనా. మీరే రద్దు చేసుకున్నరు. మంచాలన్నీ నిండినయ్. సోమవారం టోకెన్ ఇస్త, రాండ్రి."

సమ్మమ్మ ఎంత బతిమాలినా కాలేదు. వెంకట్రాజం బెంచీ మీద కూలబడి, పేజీ తెరిచి, పక్కనున్న మనిషిని చదవమన్నాడు. మొదటిది రద్దు. రెండోది ఖాయం. ఏంజెల్‌కు ఫోన్ చేశాడు.

"బిడ్డా, బటన్లు జరిపినవా?"

"అవు అంకుల్. ఓపెనింగ్ కాడ దవాఖానోళ్ళు చూడనీకి మంచిగ లేదంటే అటుది ఇటు చేసిన. పేర్లు సోమవారం పెడ్త, పక్కా. ఎందుకంకుల్?"

"ఏం లేదు బిడ్డా. ఊకెనే."

ఆదివారమంతా అతడు గోడకు ఆనుకునే కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందలేదు. "మళ్ళ పోదమా?" అంది సమ్మమ్మ. "మళ్ళ ఎల్లగొడ్తరు. రేపు టోకెన్ ఉంది గద," అన్నాడు. సోమవారం పొద్దున ఆమె చాయ్ తెచ్చేసరికి తల ఒక పక్కకు ఒరిగి ఉంది. ఫోన్ ఒళ్ళోనే ఉంది.

ఆ కబురుతో పాటు, శనివారం మంచం ఎందుకు దొరకలేదన్న సంగతి కూడా ఆఫీసుకు చేరింది. ఏంజెల్ ఆ చివరి పేజీ తెరిచింది. రెండు బటన్లకూ పేర్లు పెట్టింది. ముందున్న చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

అతని బల్ల మీద బ్రెయిలీ పలక శుక్రవారం నాటి కాగితంతో అట్లాగే ఉంది. ఏంజెల్ దాని మీద వేళ్ళు పెట్టింది. అన్నీ గుంటలే తగిలాయి. పలక విప్పి కాగితం తిప్పితే చుక్కలు పైకి లేస్తాయని, చదివేది ఆ వైపేనని అక్కడ ఎవరికీ తెలియదు. పొట్టి సూది ఆఖరి గుంట పక్కనే ఆగి ఉంది.