మాయమయ్యే రక్తం

గుర్రం పేగు తిరగేయడానికి ఒక ఒడుపుంది. ఒక కొసని వేళ్ల మధ్య మడిచి, ఆ మడతలోకి గోరువెచ్చటి నీళ్లు పోస్తూ పోతే, నీళ్ల బరువుకి పేగు తనంతట తానే లోపలిది బయటికి తిరుగుతుంది. తొందరపడి లాగామా, చిరుగుతుంది. చిరిగిన పేగులో మాంసం కూరడం కుదరదు. ఇక మా అత్తగారు ఆ చిరుగు సంగతి మళ్లీ చలికాలం వచ్చేదాకా వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతూనే ఉంటుంది. అందుకని నేను వాకిట్లో పొట్టి పీట మీద కూర్చుని, చేతులు మోచేతులదాకా మడుచుకుని, పొగలు కక్కే తొట్టి ముందు ఓపిగ్గా కడుగుతున్నాను. లోపల మగవాళ్లు నవ్వుకుంటున్నారు. ఆ నవ్వుల్లో తలాయ్ బైకే గొంతు విడిగా వినిపిస్తోంది. నిన్న ఆఫీసులో ఆయనన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"నువ్వు తెలివైనదానివే బురుల్. కానీ ఆడమనిషివి కదా, రక్తం అంటే నీకు పడదు."

తలాయ్ బైకే అంటే మా యజమాని, ఇవాళ మా ఇంటికి మాంసం విందుకొచ్చిన అతిథి. వయసులో పెద్దవాడు, అన్న వరస, అందుకే అందరం బైకే అంటాం. మా కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో ఆయనకో చిన్న స్టూడియో ఉంది, వీడియో గేములు తయారుచేస్తాం. నేనూ, మా ఆయన ఎర్మెక్ ఇద్దరం అక్కడే పనిచేస్తాం. ఇప్పుడు తయారవుతున్న ఆటలో గుర్రపు రౌతులు ఉంటారు. కొండల మధ్య, మంచులో, ఇద్దరు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా వస్తారు. ఆ పోరు నాది. నేను ఊహించి, నేను రాసి, నేను కూర్చిన పోరు. ఆడేవాడికి అందులో కనపడేది తక్కువ, వినపడేది ఎక్కువ. డెక్కల చప్పుడు, గుర్రాల ఊపిరి. ఎదుటి గుర్రం ఊపిరి లోపలికి తీసుకునే ఆ ఒక్క క్షణంలో ఈటె ఎత్తాలి. ముందెత్తితే నువ్వు పడతావు, ఆలస్యమైతే నువ్వు పడతావు. పడ్డవాడి గుర్రం మాత్రం ఒంటరిగా మంచులోకి పరిగెత్తిపోతుంది. అంతే. చుక్క రక్తం ఉండదు.

దాన్ని నేను ఆఫీసులో చేయలేదు. ఆఫీసులో నాకు వేరే పని, ఆటలో ఇతరులు చేసిన తప్పులు వెతికే పని. పోరంతా మా వంటింటి బల్ల మీద, నా సొంత కంప్యూటర్లో, ఇంటిల్లిపాదికీ టీలు పోసి గిన్నెలు తోమాక మిగిలిన సమయంలో చేశాను. దీనికి ఏమైనా ఇస్తారా అని బైకేని అడిగితే పకపకా నవ్వాడు. ఇంట్లో కూర్చుని చేసుకున్నదానికి జీతమేంటి, అది నీ సరదా, ఆఫీసులో చేసిందే నా పని అన్నాడు. ఎర్మెక్ కూడా నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. వాళ్లు నవ్వుతుంటే మనం నవ్వకపోతే మొహం చిట్లించుకుంది అంటారు కదా.

కాలేజీ పిల్లల్ని పిలిచి ఆడించి చూశాం. ఊపిరి బిగబట్టి ఆడారు. ఒకడైతే ఓడిపోయి, లేచి కుర్చీ చుట్టూ తిరిగి, మళ్లీ కూర్చున్నాడు. అదంతా చూసి బైకే, అంతా బాగుంది కానీ రక్తం ఏదీ అన్నాడు. రక్తం లేకపోతే మగపిల్లలు ముట్టుకోరట. ఆ పని ఎర్మెక్‌కి అప్పగించాడు. మా ఆయన పనిమంతుడు, అది కాదనను. ఈటె దిగిన చోటునుంచి ఎగజిమ్మే రక్తం, మంచులో ఇంకే రక్తం, తల ఊడి దొర్లుతుంటే వెనకాల గీతలా పడే రక్తం, అన్నీ చేశాడు. మళ్లీ పిల్లల్ని పిలిచాం. మొదటిసారి అబ్బా అని నోళ్లు తెరిచారు. కాసేపయ్యాక ఒక్కడూ దానివంక చూడలేదు. ఎదుటి గుర్రం ఊపిరి కోసమే చెవులు రిక్కించారు. ఒక పిల్లయితే, ఈ ఎరుపు అడ్డొచ్చి ఎదుటివాడు కనపడట్లేదు, దీన్ని ఆపేయొచ్చా అని అడిగింది.

నాకు రక్తం పాపమని కాదు. రక్తం ఏరులై పారే ఆటలు నేనూ ఆడాను, గంటలకొద్దీ ఆడాను, హాయిగా ఆడాను. నాకు తెలిసిందల్లా ఒకటే. ఆట బాగుంటే రక్తం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆటలో పస లేనప్పుడే రక్తం కావాల్సొస్తుంది, ఉప్పూ పులుపూ కుదరని కూరలో గుప్పెడు కారం గుమ్మరించినట్టు. ఇదే బైకేతో చెప్పాను. దానికొచ్చిన జవాబే ఆ మాట. ఆడమనిషివి కదా. ఎర్మెక్ పక్కనే ఉన్నాడు. కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఇంటికొస్తూ బస్సులో, నువ్వైనా ఒక మాట అనొచ్చు కదా అని అడిగితే, పెద్దాయనకి ఎదురు చెప్పమంటావా అన్నాడు. అయినా నిజంగానే నీ మనసు కాస్త మెత్తన అన్నాడు, మెచ్చుకుంటున్నట్టు.

అరికాలి మంట నెత్తికెక్కింది. రక్తం నాకు పడదట. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ నెలనెలా దాంతో కాపురం చేస్తున్నదాన్ని. ఆఫీసులో చొక్కా చేతిలో ప్యాడ్ దాచుకుని, ఎవరి కంటా పడకుండా ఆ నడవంతా నడిచి వెళ్లేదాన్ని. పోయినేడు కడుపు పోయినప్పుడు ఆ దుప్పటి ఉతికింది నేనే. ఎర్మెక్ గుమ్మంలో నిలబడి, అమ్మని లేపనా అన్నాడు. వద్దు, చన్నీళ్లు పట్రా అన్నాను. రక్తం చన్నీళ్లకే వదులుతుంది, వేణ్నీళ్లు తగిలితే పట్టుకుపోతుంది. అతను నీళ్లు తెచ్చి అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. పాపం అతనికీ బాధేసింది, నాకు తెలుసు. కానీ బాధపడ్డానికి అతను పక్కగదిలోకి వెళ్లగలిగాడు. నేను ఉతకాలి.

ఇవాళ పొద్దున కూడా అంతే జరిగింది. చలికాలపు మాంసానికి ఏటా ఒక గుర్రాన్ని కోస్తాం. ఎర్మెక్, వాళ్ల బాబాయిలు కలిసి గుర్రాన్ని పడుకోబెట్టారు, దువా చదివారు, ఒక్క కోతలో పని ముగించారు. అందులో వంక పెట్టడానికేం లేదు. రక్తమంతా గుంటలోకి పోయేలా మా అత్తగారు దగ్గరుండి చూసుకుని, మట్టి కప్పించి, అటువైపు ఎవరూ కాలు పెట్టకుండా అడ్డంగా కట్టె పెట్టించింది. జంతువు రక్తాన్ని తొక్కితే ఆవిడ ఊరుకోదు. తర్వాత మగవాళ్లు మాంసం విడగొట్టి, మా పనయిపోయింది అన్నట్టు చేతులు దులుపుకుని లోపలికెళ్లారు. వాళ్లకి వేయించిన కాలేయం, టీ. నాకు తొట్టి, పేగులు, వాకిలి. ఏటా ఇదే కదా, ఈసారి కొత్తగా ఏమొచ్చిందని అనుకున్నాను. కొత్తగా వచ్చింది ఒక్కటే. రక్తం పడనిదాన్ని అని నిన్ననే పేరు పెట్టించుకుని, ఇవాళ మోచేతులదాకా దాంట్లో ముంచుకుని కూర్చున్నాను.

టీ అయిపోయిందని లోపల్నుంచి కేక. చేతులు తుడుచుకుని వెళ్లాను. బైకే తన కంప్యూటర్ని మా టీవీకి తగిలించి, బాబాయిలకి ఆట చూపిస్తున్నాడు. ఎర్మెక్ చేసిన రక్తం తెరనిండా చిందుతోంది. బాబాయిలు మొదట ఓహో అన్నారు, తర్వాత గుర్రాల ధరల గురించి మాట్లాడుకోసాగారు. తెర మీద రౌతు దిగి, ఆ రక్తంలోనే బూట్లేసుకుని నడుచుకుంటూ పోయాడు. మా అత్తగారు రొట్టె ముక్కలు సర్దుతూ ఆగి చూసింది. ఆవిణ్ని అందరం అపా అంటాం, అమ్మ అని.

"అదేంటి, అలా తొక్కుకుంటూ పోతున్నాడు? అదంతా ఎవరు కడుగుతారు?" అంది.

"ఎవరూ కడగక్కర్లేదు అపా. కాసేపట్లో అదే మాయమవుతుంది" అన్నాడు బైకే.

ఆవిడకి నచ్చలేదు. మాయమయ్యే రక్తం ఎక్కడుందిరా అని గొణుక్కుని, నావైపు తిరిగి, నువ్వేంటి ఇక్కడ నిలబడ్డావు, పేగులు చల్లబడిపోతాయి వెళ్లు అంది. వెళ్లబోయాను. అప్పుడే బైకే టీ గిన్నె కిందపెట్టి, అందరూ ఉన్నారు గనక ఒక మంచి మాట చెబుతాను అన్నాడు. ఇకనుంచి ఆటకి పెద్ద ఎర్మెక్ అట. ఊపిరీ గీపిరీ అన్నీ తీసేసి, కొట్టగానే తల తెగేలా మారుస్తారట. బురుల్ చాలా కష్టపడింది పాపం, కానీ సుతిమెత్తని పిల్ల, ఇది తనవల్ల అయ్యే పని కాదు అన్నాడు. బాబాయిలు ఎర్మెక్ వీపు తట్టారు. ఎర్మెక్ నావంక చూడకుండా, నీకూ కాస్త విశ్రాంతి దొరుకుతుందిలే అన్నాడు.

విశ్రాంతి. నా చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి, గోళ్లలో కొవ్వు ఇరుక్కుని ఉంది, నాకు విశ్రాంతి దొరుకుతుందట. ఏడుపొచ్చింది, దాచుకోను. కానీ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి నా కంప్యూటర్ తెచ్చి, బైకే తీగ ఊడబీకి నాది తగిలించాను. ఒక్కసారి ఇది కూడా చూడండి అని చెప్పి, పెద్ద బాబాయి చేతిలో ఆట ఆడించే మీటల పెట్టె పెట్టాను. ఆయన జీవితమంతా గుర్రాల మధ్య బతికిన మనిషి. తెర మీద మంచు, డెక్కల చప్పుడు. ఆయన ఈటె ముందే ఎత్తి పడిపోయాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ పడ్డాడు. మూడోసారి తల కాస్త పక్కకి వంచి విన్నాడు. మా అత్తగారు రొట్టె పళ్లెం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎదుటి గుర్రం ఊపిరి తీసుకుంది, ఆయన ఈటె ఎత్తాడు, ఎదుటివాడు పడ్డాడు. పడ్డవాడి గుర్రం ఒంటరిగా వెళ్లిపోతుంటే, ఆయన అది కనపడనంత దూరం పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చిన్న బాబాయి ఆ పెట్టె లాక్కున్నాడు. నేను నేనంటూ గొడవ మొదలైంది. టీ చల్లారిపోయింది.

బైకే కాసేపు గడ్డం గీరుకున్నాడు. వ్యాపారస్థుడు కదా, గదిని చూసి లెక్క మార్చేశాడు. సరే, ఈ పోరు ఉంచుదాం, కొంచెం రక్తం మాత్రం వేద్దాం, పెద్ద మాత్రం ఎర్మెకే, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోను అన్నాడు.

"ఈ పోరు మీది కాదు బైకే" అన్నాను. "ఇంట్లో చేసింది నా సరదా అని మీరే అన్నారు. జీతం ఇవ్వనిది మీ పనెలా అవుతుంది? ఇది నాతోనే వస్తుంది. రేపట్నుంచి నేను స్టూడియోకి రాను."

ఎర్మెక్ ఉలిక్కిపడి, ఏం మాట్లాడుతున్నావు, అతిథి ముందు అన్నాడు. బైకే నవ్వడానికి ప్రయత్నించాడు. ఇంతకీ రక్తం మీద నీకెందుకమ్మా అంత కోపం అన్నాడు.

"రక్తం మీద కోపం లేదు. మీరు పొడిచి లేచిపోతారు. మిగిలిందంతా నామీదే పడుతుంది. మీ ఆటలో అది మాయమవుతుంది గనకే మీకంత ముద్దు."

మా అత్తగారు నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ పళ్లెం కిందపెట్టి, మాంసం ఉడికింది, చేతులు కడిగించు అని మాత్రం అంది. అది తిట్టో కాదో నాకిప్పటికీ తెలీదు.

భోజనానికి ముందు చేతుల మీద నీళ్లు పోయడం కోడలి పని. చెంబు, పళ్లెం, భుజాన తువ్వాలు తీసుకుని వరసగా వెళ్లాను. ముందు బైకే చేతుల మీద పోశాను, తర్వాత పెద్ద బాబాయికి, తర్వాత చిన్న బాబాయికి. చివర ఎర్మెక్ చేతులు చాపాడు. అతని వేళ్లు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. అతని మీద నాకు ప్రేమ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. కానీ ఆ చేతుల మీద నీళ్లు పోయబుద్ధి కాలేదు. చెంబు వెనక్కి తీసుకున్నాను.

"నువ్విప్పుడే కడుక్కోకు" అన్నాను. "బయట పేగులు ఇంకా సగం ఉన్నాయి."

అతను నావంక చూశాడు, వాళ్లమ్మ వంక చూశాడు. వాళ్లమ్మ గోడవైపు చూసింది. చాలాసేపటికి లేచి, చేతులు పైకి మడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లాడు. నేను నా చేతుల మీద నేనే నీళ్లు పోసుకుని, అతను లేచిన చోట కూర్చుని, మాంసం పళ్లెం నావైపు లాక్కున్నాను.