వేపాకు పెట్టిన పేజీ

ఎండిన వేపాకు చప్పుడు చేస్తుంది.

గోనెసంచిలో, నెత్తి మీద, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా... కాగితం తిప్పినట్టు.

దేవమణికి ఆ చప్పుడంటే వేసవి సెలవులు.

1938 ఏప్రిల్. దేవమణికి పదిహేనేళ్లు. బేగంపేట రైలు గేటు అవతల మిషన్ స్కూల్లో తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది. నాన్న విజయరత్నం పంజగుట్టలో జడ్జి సాబు బంగళాకు మాలీ. అమ్మ చిలకమ్మ ఆ ఇల్లే ఊడుస్తుంది. ముగ్గురూ ఉండేది అమీర్‌పేటలో, చింతచెట్ల వరసలో, ఒక గదిలో.

ఏటా ఏప్రిల్లో జడ్జి సాబు కుటుంబం ఊటీ వెళుతుంది.

ఏటా ఏప్రిల్లో దేవమణి కుటుంబం పంజగుట్ట వెళుతుంది. బంగళాకు కాపలా.

మైలు దూరం.

అయినా అది ప్రయాణమే. కుండలు, చాప, దుప్పట్లు, బైబిలు, కోడి. బండి కట్టరు. ఎవరి బరువు వాళ్ల నెత్తిన. చిలకమ్మ గదికి తాళం వేసి, వాకిట్లో నిలబడి ప్రార్థన చేసి, పక్కింటి మంగవ్వకు ఒక మాట చెప్పి కదులుతుంది. మంగవ్వ ఏటా అదే అంటుంది.

"పైలం చిలకమ్మా. పోంగనె ఉత్తరం రాయి."

స్కూలు తెరిచిన రోజు టీచరు ఏటా అదే అడుగుతుంది. సెలవులకు ఎక్కడికి వెళ్లారు? ఒకరు మెదక్. ఒకరు బెజవాడ. లీలాకుమారి మద్రాసు వెళ్లి సముద్రం చూసి వచ్చింది. దేవమణి లేచి నిలబడి, పంజగుట్ట అంది. క్లాసు నవ్వింది. టీచరూ నవ్వింది.

మరుసటి ఏడూ పంజగుట్ట అనే అంది.

అబద్ధం ఆడవచ్చు. సముద్రం గురించి పది వాక్యాలు రాయగలదు. చదివింది కాబట్టి. కానీ ఆడలేదు. సముద్రం దగ్గర లేనివి పంజగుట్టలో ఉన్నాయి.

నాలుగు అల్మారాలు. నిండా ఇంగ్లీషు పుస్తకాలు.

స్కూల్లో అల్మారా ఒకటే. శనివారం ఒక పుస్తకం ఇస్తారు. పై శనివారం తిరిగి తీసుకుంటారు. అందులో ఉన్నవన్నీ దేవమణి రెండేసి సార్లు చదివింది. పాఠాల పుస్తకం చదివాక ప్రశ్నలు ఉంటాయి. కథల పుస్తకం చదివాక ఏమీ ఉండదు. ఎవరూ అడగరు. అప్పుడే మనిషి నిజంగా ఆలోచిస్తుందని ఆమెకు అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

బంగళాలో అల్మారాలు అద్దాల తలుపులవి. ఏళ్ల తరబడి ఆమె చదివింది పుస్తకాల వీపుల మీది పేర్లు మాత్రమే.

ఆ ఏడు దొరసాని ఊటీ వెళ్లే ముందు తాళంచెవుల గుత్తి చిలకమ్మ చేతిలో పెట్టి ఒక పని చెప్పింది. పుస్తకాలకు పురుగు పడుతోంది. అన్నీ తీసి ఎండకు పెట్టాలి. పేజీల మధ్య ఎండు వేపాకు పెట్టి మళ్లీ సర్దాలి. నీ బిడ్డ సదువుకుంటది గద, వరస తప్పకుండ పెడతది, అంది.

గుత్తిలో ఏడు తాళంచెవులు. అల్మారాలు నాలుగింటికీ కలిపి ఒకటే. చిన్నది, ఇత్తడిది.

వేపాకు పది రోజులు నీడన ఆరబెట్టారు. తర్వాత వరండాలో చాప పరిచారు. దేవమణి ఒక్కొక్క పుస్తకం తీసింది. దులిపింది. తెరిచింది. ఆకు పెట్టింది. మూసింది.

తెరిచింది. ఆకు పెట్టింది. మూసింది.

పదిహేడో పుస్తకం తెరుచుకోలేదు.

అట్ట తెరుచుకుంది. పేజీలు తెరుచుకోలేదు. జిగురు కాదు. పెద్ద కాగితాన్ని మడిచి కుట్టారు. అంచున మడత కోయలేదు. దాని తర్వాతిదీ అంతే.

చిలకమ్మ వచ్చి చూసింది. బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

"గంత దూరం నుంచి తెప్పించుకున్నడు. గీ తీరుగ కోయకుంటనే పంపిండ్రా? పాపం, సాబు సూసుకోలే."

మనం సరిచేద్దామంది. విజయరత్నం మామిడికి అంటు కట్టే కత్తి తెచ్చి ఇచ్చాడు. సన్నటి కత్తి. రోజూ నూరుతాడు. దేవమణి మడతలో కత్తి పెట్టి లాగింది. కాగితం విడిపోయింది. కాగితపు పొట్టు గోధుమ గింజంత రాలింది. సాబు సంతోషిస్తాడని ముగ్గురూ అనుకున్నారు.

ఒక పుస్తకం సగం కోసి, మిగతావి ఎలా ఉన్నాయో చూద్దామని లేచింది. రెండో అల్మారా తెరిచింది. అన్నీ అలాంటివే. మూడో అల్మారా. అన్నీ అలాంటివే.

దేవమణి కత్తి కింద పెట్టింది.

ఇన్ని పుస్తకాలు తప్పుగా పంపరు.

ఎవరూ తెరవలేదు, అంతే.

మొత్తం మూడు వందల పన్నెండు. తెరిచినవి అరవై మూడు. తెరిచిన వాటిలో పెన్సిలు గీతలు ఉన్నాయి. జడ్జి సాబు లండన్‌లో చదువుకునే రోజుల్లో పెట్టినవి. అంచుల్లో చిన్న అక్షరాలు. "నిజమే." "మళ్లీ చదవాలి." "నాన్నకు చెప్పాలి." ప్రతి పుస్తకం మొదటి పేజీలో కొన్న తేదీ ఉంది. 1919 తర్వాత కొన్నవాటిలో పెన్సిలు గీత లేదు.

పుస్తకాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఆమె ఆ తేదీల ముందు చాలాసేపు కూర్చుంది. మనిషి చదవడం ఎప్పుడు ఆపుతాడు? ఒక రోజున ఆపుతాడా? ఆపినట్టు తనకు తెలుస్తుందా?

కోయని వాటికి పైన ఒక ఆకు, కింద ఒక ఆకు పెట్టి సర్దేసింది.

కానీ కోసిన పుస్తకం ఒకటి ఉంది. సగం దాకా కోసింది. అది కథ.

మంచు దేశం. ఒక ఆడమనిషి తమ్ముణ్ణి వెతుక్కుంటూ నడుస్తుంది. ఊరి తర్వాత ఊరు. ఎవరూ చూడలేదంటారు. రెండు వందల తొమ్మిదో పేజీలో ఆమె ఒక ఏటి ఒడ్డుకు వస్తుంది. ఏరు గడ్డకట్టి ఉంది. మోస్తుందో లేదో తెలియదు. అవతలి ఒడ్డున ఒక పొగ. ఆమె కాలు ఎత్తుతుంది...

రెండు వందల పది కోయలేదు.

ఇక కోయకూడదు. ప్రతి కోతా గుర్తే. చదివితే గుర్తు మిగిలే పుస్తకం ఆమె ఎప్పుడూ చూడలేదు. కోయకుండా మడతను వేలితో ఉబ్బించి లోపలికి చూసింది. గొట్టంలోకి చూసినట్టు. నాలుగు సగం వాక్యాలు కనిపించాయి. "చప్పుడు" అన్న మాట ఉంది. మంచుదో, మనిషిదో తెలియలేదు.

అయినా, రేపు కోద్దాం అనుకుంది.

ఆ సాయంత్రమే గేటు దగ్గర మోటారు హారన్ మోగింది. వారం ముందే వచ్చేశారు. దేవమణి ఆ పేజీలో ఒక వేపాకు పెట్టి, పుస్తకాన్ని దాని చోట నిలబెట్టి, తాళం వేసింది.

జూన్ చివర. వాన పడి ఆగింది. దేవమణి స్కూలు నుంచి వచ్చి బంగళా వెనక అమ్మతో గిన్నెలు తోముతోంది. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

హాల్లో జడ్జి సాబు, ఆయన దోస్తు కనకయ్య వకీలు. అల్మారా తెరిచి ఉంది. వకీలు చేతికందిన పుస్తకం తీశాడట. ఆకు రాలిందట. పుస్తకం బల్ల మీద ఉంది. సగం కోసి, సగం కోయకుండా. పక్కన వేపాకు.

విజయరత్నం తలగుడ్డ చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డాడు.

"నేనే కోసిన సాబ్," అంటున్నాడు. "ఆకు వెట్టనీకి."

నాన్నకు అక్షరం రాదు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

"నేను కోసిన," అంది దేవమణి.

జడ్జి సాబు ఆమె వైపు చూశాడు. "ఆకు పెట్టనీకేనా?"

"సదవనీకి సుత."

"ఎక్కడి దాంక సదివినవ్?"

"ఏరు దాంక, సాబ్."

ఆయన పుస్తకం వైపు చూశాడు. ఏ ఏరో ఆయనకు తెలియదు.

కనకయ్య వకీలు కుర్చీలో వెనక్కి వాలాడు. కోర్టులో సాక్షి దొరికినప్పుడు కూడా అలాగే వాలుతాడేమో.

"ఏ ఏరు, జడ్జి సాబ్? పోయిన సాల్ ఈ కితాబు గురించి మస్తు జెప్తివి. రెండు రోజుల్ల ఖతం చేసిన అంటివి."

జడ్జి సాబు పుస్తకాన్ని కొంచెం పక్కకు జరిపాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంత పెద్దమనిషికి చెవులు ఎర్రబడటం దేవమణి మొదటిసారి చూసింది.

వకీలు ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పు బిడ్డా. అన్నీ తీసి సదిరింది నువ్వే గద. సాబు తెరిచినయి ఎన్ని, తెరవనియి ఎన్ని?"

మూడు వందల పన్నెండు. అరవై మూడు. అంకెలు నాలుక మీద ఉన్నాయి.

నిజం చెప్తే నాన్న పని పోతుంది. అది ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. "నాన్నకు చెప్పాలి" అని అంచున రాసుకున్న కుర్రవాడు. అతనూ ఈ హాల్లోనే ఎక్కడో నిలబడి ఉన్నాడు.

"అన్నిట్ల పేజీల నడుమ ఆకు పెట్టిన, సాబ్," అంది.

క్లాసు నవ్వినా ఆడని అబద్ధం. అక్కడ ఆడింది.

"అయితె గిదొక్కటే మిగిలిందన్నట్టు," అని వకీలు నవ్వి చాయ్ అందుకున్నాడు.

కోయని పుస్తకం నడుమ ఆకు పట్టదు. అది వకీలుకు తట్టలేదు. జడ్జి సాబుకు తట్టింది. ఆయన బల్ల మీది ఆకు తీశాడు. కోత ఆగిన రెండు వందల తొమ్మిదో పేజీ వెతికాడు. ఆకు అక్కడే పెట్టాడు. పుస్తకం అల్మారాలో నిలబెట్టి తాళం వేశాడు. గుత్తిలోంచి ఇత్తడి తాళంచెవి విడదీసి కోటు జేబులో వేసుకున్నాడు.

"పొండి," అన్నాడు.

అంతే.

పని మానేయమనలేదు. ఉండమనీ అనలేదు. విజయరత్నం రోజూ వెళ్లాడు, చెట్లకు నీళ్లు పెట్టాడు, వచ్చాడు. అంటు కట్టే కత్తి మాత్రం బంగళాకు తీసుకుపోవడం మానేశాడు. ఆ ఏడు మామిడికి అంటు కట్టలేదు.

పదో తరగతి గడిచింది. టీచరు అడిగినప్పుడు దేవమణి పంజగుట్ట అంది. ఈసారి కొద్దిమందే నవ్వారు. సోడా దుకాణంలో రంపపు పొట్టు కప్పిన ఐసు గడ్డ మీద వేలు పెట్టి చూసింది. వేలు తిమ్మిరెక్కేదాకా తీయలేదు. ఏడాదంతా ఆ ఆడమనిషి ఒడ్డునే ఉంది. కాలు ఎత్తి.

మార్చిలో దేవమణి వేపాకు కోసి నీడన ఆరబెట్టింది.

చిలకమ్మ చూసింది. "జెప్పిండ్రా నీకు?"

"లే."

"మరెందుకే?"

దేవమణి ఆకు తిరగేసింది. పది రోజులకు సంచికెత్తింది.

ఏప్రిల్ వచ్చింది. ఈ ఏడు పిలుస్తారో లేదో అమీర్‌పేట గదిలో ఎవరూ పైకి అనలేదు. కోడి మాత్రం అటూ ఇటూ తిరిగింది. రెండో సోమవారం ఊటీ మోటారు వెళ్లింది. పొద్దెక్కాక విజయరత్నం వచ్చి గడపలో నిలబడ్డాడు.

"పొమ్మన్నరు," అన్నాడు. "సాబే పిలిచి గుత్తి ఇచ్చిండు."

గుత్తి చొక్కా జేబులో ఉంది. జేబు కిందికి వేలాడుతోంది.

ఎన్ని ఉన్నయ్ నాయినా, అని అడగవచ్చు. జేబులో చేయి పెట్టి చూపిస్తాడు. ఒక్క మాట. దేవమణి అడగలేదు. అడగనంతసేపూ ఆ తాళంచెవి గుత్తిలో ఉంది. లేదు కూడా. ఉంటే అల్మారా తెరుచుకుంటుంది. ఆ పుస్తకం బయటికి వస్తుంది. రెండు వందల పదో పేజీ మడత అలాగే ఉండవచ్చు. లేక ఎవరో కోసి ఉండవచ్చు. కోసి ఉంటే, అంచున పెన్సిలు గీత ఉంటుందా...

"పైలం చిలకమ్మా," అంది మంగవ్వ. "పోంగనె ఉత్తరం రాయి."

కుండలు. చాప. దుప్పట్లు. బైబిలు. కోడి. ముందు నాన్న, వెనక అమ్మ, ఆ వెనక దేవమణి. దారి పంజగుట్ట వైపు ఎక్కుతుంది. నాన్న అడుగు వేసినప్పుడల్లా జేబులో ఇనుము ఇనుముకు తగులుతోంది. వాటి నడుమ ఒక చిన్న చప్పుడు... ఇత్తడిదా? దేవమణి చెవి పెట్టింది. గాలి వీచింది. మళ్లీ చెవి పెట్టింది.

ఏడా. ఆరా.

కాలు ఎత్తింది. వేసింది.

నెత్తి మీద, గోనెసంచిలో, ఎండిన వేపాకు చప్పుడు చేసింది.

కాగితం తిప్పినట్టు.