తోట కేక

పాతపట్నం దాటి ఒడిశా కొండలు మొదలయ్యే చోట ఉన్న మెట్టవలసలో ఆడవాళ్ళు కేక వేయకుండా జీడితోటలో అడుగు పెట్టరు. తెల్లవారగానే గంప చంకన పెట్టుకుని తోట అంచుకు వచ్చి నిలబడి, "వస్తన్నామో... ఓయ్!" అని గొంతు సాగదీసి అరుస్తారు. లోపల ఎక్కడో ఎండుటాకులు గలగలలాడతాయి. ఆ చప్పుడు కొండవైపుగా పలచబడి ఆగిపోయేదాకా ఎవరూ కదలరు. ఆగాక లోపలికి పోయి, రాలిన పళ్ళు ఏరి, ఒక్కొక్క పండు నుంచి జీడిపిక్కను మెలిపెట్టి తీస్తారు.

లక్ష్మణమ్మకు ఈ పద్ధతి నేర్పింది అత్తగారు జగ్గమ్మ. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే కోడలిని తోట అంచున నిలబెట్టి చెప్పింది.

"ఎలుగు సెడ్డది కాదే. దానికి సూపు ఆనదు. తల దించి తింటే ఇంక దానికి లోకం తెల్దు. నువ్వు మీద పడ్డాకే సూస్తాది. అప్పుడు నీకూ భయమే, దానికీ భయమే. గోళ్ళు మాత్రం దానికే ఉన్నాయి. అందుకని ముందే సెప్పీసి ఎల్లాలి."

జగ్గమ్మ పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది లక్ష్మణమ్మ, ఆమె తోటికోడలు గౌరి. ఇద్దరి మగవాళ్ళూ పారాదీప్ రేవులో పనిచేస్తారు. పెళ్ళిళ్ళకూ చావులకూ వచ్చిపోతారు. ఇంటి వెనక పెరడు, పెరట్లో పనసచెట్టు, పెరడు దాటితే కంచె లేని జీడితోట, తోట దాటితే కొండ. ఆ తోటలో ఎలుగు తినని ఏడు లేదు. ఆ ఇంట్లో మనిషి ఒంటి మీద దాని గోరు పడిన ఏడూ లేదు. ఈ రెండింటికీ నడుమ ఉన్నది ఆ కేక ఒక్కటే.

పక్క తోట మురళీమోహన్‌ది. వరసకు లక్ష్మణమ్మకు మరిది కొడుకు. అతని తోట మధ్యలో పిక్కలు నిలవచేసే కొట్టు ఒకటుంది. రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఒక సినిమా బృందం వచ్చి, ఆ కొట్టు చుట్టూ ప్లైవుడ్ చెక్కలు బిగించి, నల్లరంగు పూసి, చలిదేశాల ఇళ్ళకుండే పొగగొట్టం ఒకటి నెత్తిన పెట్టి, దాన్ని అడవిలోని కొయ్య ఇల్లుగా మార్చింది. వేసవిలో చెట్టునీడ కూడా కాలే ఊళ్ళో చలికాచుకోవడానికి పొగగొట్టం ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

అడవిలో ఒంటరి కొయ్య ఇల్లు చూపించి జనాన్ని భయపెట్టే సినిమాలన్నీ ఒక్క అచ్చులో పోసినవే. వాటిలో అడవికి వచ్చేవాళ్ళకు అడవిలో పనేమీ ఉండదు. కట్టె కొట్టరు, పండు ఏరరు, తేనె తీయరు. తాగడానికి వస్తారు, ఒకరి తరువాత ఒకరు చస్తారు. నిజానికి అడవిలో ఏముంటుందో, అది ఎప్పుడు తింటుందో, ఎటు తిరుగుతుందో వాళ్ళకు తెలియదు, తెలుసుకోరు. తెలియకపోవడాన్నే భయమని పేరు పెట్టి అమ్ముతారు. చూసేవాళ్ళు పట్నాల్లో చల్లని గదుల్లో కూర్చుని కాసేపు వణికి, దీపాలు వెలిగాక తృప్తిగా ఇళ్ళకు పోతారు. వణికిన చోట నిజంగా ఎవరైనా బతుకుతున్నారేమోనన్న ఆలోచన వాళ్ళకు రాదు.

షూటింగు మొదలైన కొత్తల్లో ఒక ఉదయం గౌరి వేసిన కేక విని, శబ్దం పట్టే ఆయన మైకుతో సహా పరుగున వచ్చాడు. వెనకే దర్శకుడు.

"అమ్మా, ఆ అరుపు ఇంకోసారి అరుస్తారా?"

"ఉత్తినే ఏల అరుస్తాను బాబూ? ఒకసారి అరిసీసినాను గదా. అది ఎలిపోనాది."

"ఏది?"

"ఎలుగు."

దర్శకుడు చుట్టూ చూశాడు. "ఇక్కడ నిజంగానే ఎలుగుబంటి ఉందా?"

"బాగుందే! దాని తోవలోనే గదా బాబూ మీరు ఇల్లు కట్టినారు," అని గౌరి పకపకా నవ్వింది.

గౌరి గొంతు ఊళ్ళోకెల్లా నిండైనది. అడిగితే కాదనడం ఆమెకు తెలియదు. ఆ పూట మైకు ముందు మళ్ళీ మళ్ళీ అరిచింది. ఆఖరికి ఎవరూ అడగకుండానే, ఈసారి ఇంకా బాగా వస్తుందని తనే అరిచింది. లక్ష్మణమ్మకు ఒళ్ళు మండింది.

"ఒసే, పనికొచ్చే కేకని ఆటకి వాడకే."

"ఏటప్పా, గొంతు అరిగిపోద్దేటి?" అంది గౌరి. తోటికోడలిని అక్కా అనడానికి అప్పా అంటుంది.

గొంతు అరగలేదు. సినిమా ఫోన్లలోకి వచ్చాక ఊరంతా చూసింది. అందులో కొండ మీద ఒక చచ్చిన ఆడది ఉంటుంది. అది "వస్తన్నామో... ఓయ్!" అని కేక పెడుతుంది. కేక వినపడిన వెంటనే కొయ్య ఇంటి తలుపు దగ్గర నల్లటి, జడలు కట్టిన బొచ్చుతో ఒక ఆకారం నిలబడుతుంది. ఇంట్లో ఉన్నవాళ్ళలో ఒకరు తగ్గుతారు. ఆడవాళ్ళు ప్రాణం కాపాడుకోవడానికి వేసే కేక, ఆ సినిమాలో ప్రాణం తీసేదానికి పిలుపు. గౌరి మాత్రం అది తన గొంతని చూపించి చూపించి మురిసిపోయింది. నరసన్నపేటలో చీరల కొట్టువాడు కూడా గుర్తుపట్టి అరిపించుకున్నాడట.

బృందం వెళ్ళిపోయింది. కొయ్య ఇల్లు మిగిలింది. మురళీమోహన్ దాన్ని విప్పలేదు. విశాఖ నుంచి, బరంపురం నుంచి కార్లు రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఇంటి ముందు నిలబడి కేక వేసేవారు. గొంతు లేనివాళ్ళు ఫోను నుంచి స్పీకరులో గౌరి కేకనే వినిపించేవారు. ఎలుగు కనపడితే వీడియో బాగుంటుంది కనుక మురళీమోహన్ కేక ఆగగానే వాకిట్లో అరటిపళ్ళు, పనస తొనలు, బెల్లపు ముద్దలు పోయించేవాడు.

ఎలుగు అక్షరాలు నేర్వలేదు గాని ఈ పాఠానికి అక్షరాలు అక్కర్లేదు.

ఆ సంగతి లక్ష్మణమ్మకు మరుసటి వేసవిలో, ఒక ఉదయం తెలిసింది. తోటికోడళ్ళిద్దరూ తోట అంచున నిలబడ్డారు. గౌరి కేక వేసింది. ఆకులు గలగలలాడాయి. లక్ష్మణమ్మ అలవాటుగా ఆ చప్పుడు పలచబడడం కోసం చెవి ఒగ్గింది. చప్పుడు పలచబడలేదు. చిక్కబడింది. దగ్గరయింది. చెట్ల మధ్య నుంచి ఎలుగు బయటికి వచ్చి, వీపు మీద పిల్లను మోసుకుంటూ, వాళ్ళకు ఎదురుగా నిలబడింది. కోపంగా లేదు. మూతి ఎత్తి గాలి వాసన చూస్తూ, విస్తరి ముందు కూర్చుని వడ్డనకు ఎదురుచూసే మనిషిలా ఎదురుచూసింది. ఏమీ పడకపోయేసరికి గుర్రుమని, చాలాసేపటికి వెనక్కి తిరిగింది.

"సూసినావా అప్పా, నా గొంతు గుర్తుపట్టినాది!" అంది గౌరి. మాట నవ్వుతూనే ఉంది, అడుగులు మాత్రం ఇంటివైపు వెనక్కి పడుతున్నాయి.

లక్ష్మణమ్మ పళ్ళు ఏరకుండానే నేరుగా మురళీమోహన్ దగ్గరికి వెళ్ళింది. అతడు కొయ్య ఇంటి మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఒరే మురళీ, ఆ కేక మానిపించు. తిండి పొయ్యడం మానిపించు. అది మా కేకకి ఎదురొస్తన్నాది."

"వస్తే రానీ పెద్దమ్మా. దానికి అలవాటైపోనాది. ఇంక మనుషుల్ని ఏటీ సెయ్యదు. సాధువైపోద్ది."

"సాధువేటిరా! మేవు ముందే అరిసేది అది ఎల్లిపోవాలని. ఇప్పుడు అరిస్తే వస్తాది, అరవకపోతే మేవే దాని మీద పడతాం. ఏటి సెయ్యమంటావు?"

"ఇంకోలాగ అరవండి మరి. ఊరంతటికీ ఒకటే కేకేటి?" అని అతడు నవ్వాడు. నవ్వులో ద్వేషం లేదు. అందుకే అతనితో పోట్లాడడానికి పట్టు దొరకలేదు. ఊరి పెద్దలకు చెబితే వాళ్ళూ అదే మాట అన్నారు. కార్లలో వచ్చినవాళ్ళు వాళ్ళ దుకాణాల్లోనే చల్లటి సీసాలు కొంటున్నారు.

ఇంకోలాగే చేశారు. లక్ష్మణమ్మ నూనె డబ్బా ఒకటి తెచ్చి కర్రతో కొట్టింది. కొత్త చప్పుడుకు బెదిరి ఎలుగు కొండెక్కింది. కొన్నాళ్ళు తోట మళ్ళీ వాళ్ళదైంది. గౌరి కూడా డబ్బాకు అలవాటుపడి, దరువు వేస్తూ పాటలు కట్టింది. ఒక ఉదయం డబ్బా మోత విని కొయ్య ఇంట్లో దిగినవాళ్ళు ఫోన్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఇది సినిమాలో లేదే! కొండవాళ్ళ పూజా ఇది?" అని అడిగారు. లక్ష్మణమ్మ వంగి పళ్ళు ఏరుకుంది. ఆ వారంలోనే మురళీమోహన్ వాకిట్లో కేకతో పాటు డబ్బా కూడా మోగింది. "డబ్బా బాగుంది పెద్దమ్మా, అందరికీ తెగ నచ్చీసినాది," అని దారిలో ఎదురై మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం లక్ష్మణమ్మ పెరట్లో కూర్చుని లెక్క వేసుకుంది. పళ్ళెం వాయించినా, పాట పాడినా, టపాసు కాల్చినా అది పక్క వాకిట్లోకి పోతుంది. అక్కడి నుంచి బెల్లం రుచి పట్టుకుని తిరిగి వస్తుంది. తను కనిపెట్టే ప్రతి కొత్త చప్పుడూ ఎలుగుకు ఇంకొక పిలుపే. అంతా ఆలోచించి, ఇంట్లో పెద్దదిగా ఒక నిర్ణయం చేసింది.

"గౌరీ, ఇంక కేక వద్దు, డబ్బా వద్దు. మాటాడకుండా ఎల్లి, సూసుకుని ఏరుకొచ్చీద్దాం."

"అత్త అలగ సెప్పనేదు గదప్పా."

"అత్త కాలంలో సినిమా నేదు."

"కేక ఎయ్యకుండా తోటలోకెల్తే నాకు బట్ట కట్టుకోకుండా ఎల్లినట్టుంటాది."

"ఉంటే ఉంటాది. ప్రాణం ముఖ్యం కాదేటే?"

గౌరి సరేనంది. ఆమె అన్నిటికీ సరేనంటుంది. అలా అనడం ఆమె గుణం.

జరిగింది తోటలో కూడా కాదు. పెరట్లో జరిగింది. ఇంట్లో కూరకు పనసకాయ కోసుకు వద్దామని, ఎండ బాగా వచ్చాక, గౌరి కత్తిపీట పక్కన పెట్టి వెనక తలుపు తీసింది. పనసచెట్టు కింద రాలి పగిలిన పండులో మూతి పెట్టి ఎలుగు తింటోంది. పిల్ల పక్కన ఉంది. తల దించి తింటున్న ఎలుగు గౌరిని చూడలేదు. నోరు మూసుకుని నడుస్తున్న గౌరి చెట్టు మొదలుకు అవతల ఏముందో చూడలేదు. పాత రోజుల్లో అయితే వాకిలి దాటుతూనే గౌరి గొంతు పెరడంతా మారుమోగేది. ఆ ఉదయం ఆమె బుద్ధిగా, అక్క చెప్పినట్టుగా, చప్పుడు చేయకుండా నడిచింది.

లక్ష్మణమ్మ వంటింట్లో నుంచి విన్నది ఒక్క అరుపే. అది కేక కాదు.

కర్ర తీసుకుని ఆమె బయటకు వచ్చేసరికి ఎలుగు పిల్లను తోసుకుంటూ జీడిచెట్లలోకి వెళ్ళిపోయింది. గౌరి పనసచెట్టు కింద కూర్చుని ఉంది. రెండు చేతులతో ముఖాన్ని పట్టుకుని, అది జారిపోతుందేమో అన్నట్టుగా, కూర్చుని ఉంది.

అంబులెన్సు వచ్చింది. శ్రీకాకుళం, అక్కడి నుంచి విశాఖ. డాక్టర్లు ప్రాణం నిలిపారు. ఒక కన్ను పోయింది. కింది దవడ తిరిగి అతకలేదు, మాట పోయింది. పారాదీప్ నుంచి మగవాళ్ళు వచ్చి, ఉన్నన్నాళ్ళు ఉండి, పని పోతుందని వెళ్ళారు. ఊరి వాళ్ళంతా వచ్చి చూశారు. "కేకెయ్యకుండా ఎల్లినాదట. ఎంత పనికిమాలిన పని!" అని వాకిట్లోనే అనుకున్నారు. మురళీమోహన్ ఆపిల్ పళ్ళు తెచ్చి, మంచం పక్కన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. వారం తిరగకుండా కార్లు రెట్టింపయ్యాయి. సినిమాలో గొంతు ఇచ్చిన మనిషినే ఎలుగు పట్టుకుందన్న వార్త ఫోన్లలో తిరిగింది.

మళ్ళీ జీడిపళ్ళు రాలే రోజులు వచ్చాయి. లక్ష్మణమ్మ గంప తీసుకుని ఉదయమే తోట అంచుకు వెళ్ళింది. ఎర్రటివి, పసుపువి, పళ్ళు నేలంతా పరుచుకుని ఉన్నాయి. పులిసిన వాసన గుప్పుమంటోంది. ఆమె నోరు తెరిచింది. అరిస్తే ఏమవుతుందో తెలుసు. నోరు మూసింది. మూస్తే ఏమయిందో ఇంట్లో ఉంది. అలా నిలబడగా పక్క తోటలో నుంచి స్పీకరు మోగింది. గౌరి గొంతు నిండుగా, ఏ గాయమూ లేకుండా, కొండదాకా వెళ్ళి వచ్చింది. "వస్తన్నామో... ఓయ్!" జనం చప్పట్లు కొట్టారు. లక్ష్మణమ్మకు కుడిపక్క ఎక్కడో ఆకులు కదిలాయి. అడుగుల చప్పుడు పక్క తోటవైపు నడిచింది. ఆ వెనకే ఇంకొకటి, కొంచెం తేలికైనది. పిల్ల ఎదిగి తల్లి వెంట నడుస్తోంది. దానికి కేక అంటే భయమన్నది పుట్టుకతోనే తెలియదు.

ఆమె ఖాళీ గంపతో తిరిగి వచ్చి వెనక తలుపు గడియ పెట్టింది.

గౌరి మంచం మీద లేచి కూర్చుని ఉంది. స్పీకరు మోత ఆ గదిలోకీ వచ్చిందని ఆమె ఒంటికంటిని చూస్తే తెలుస్తోంది. ఆమె గంపవైపు చూసి, చేయి ఎత్తి, వేళ్ళతో పిక్కను మెలితిప్పినట్టు చూపించింది. ఏరావా అని అడుగుతోంది.

"ఈయేడు కాపు నేదే గౌరీ," అంది లక్ష్మణమ్మ. "పూతంతా మంచుకి మాడిపోనాది."

గౌరి ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. గోడ అవతల పళ్ళు ఒకదాని తరువాత ఒకటిగా, నేల మీద మెత్తగా పడుతున్నాయి.