శనివారం డ్యూటీ

తడిబట్టను నీళ్ళు కారకుండా పిండి, ఏనుగుబొమ్మ పుస్తకం అట్ట మీది మరకను తుడిచిందామె. ఆ మరక చీమిడిదో, పాకానిదో, బిస్కెట్టు తిన్న వేళ్ళదో చూడగానే చెప్పగలదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు మరి. పిల్లి పుస్తకం తోక దగ్గర చిరిగితే, బొమ్మ చెడకుండా పల్చటి కాగితం అతికించి గోటితో నిమిరింది. కుందేలు పుస్తకం మూలల్ని ఎవరో పళ్ళతో కొరికారు. బాగా నచ్చిందన్నమాట అనుకుని దాన్ని దొంతరలో అన్నిటికంటే పైన పెట్టింది.

హాజరుపట్టీలో ఆమెకో పేరుంది గానీ, దానితో ఎవరికీ పని పడదు. ఊరందరికీ ఆమె కథలత్త. లైబ్రరీలో చేరింది అటెండరుగా, బీరువాలు తుడవడానికీ, పుస్తకాలు మోయడానికీ. ఓ శనివారం కథలు చెప్పే పంతులమ్మకు గొంతు పోయి రాలేదు. చాప మీద ముప్పై మంది పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఈమె తుడుపుగుడ్డ భుజానే ఉంచుకుని పులిలా ఒక్క గాండ్రింపు గాండ్రించింది. ఏడుపులన్నీ టక్కున ఆగాయి. పంతులమ్మకు గొంతు తిరిగి వచ్చింది గానీ పిల్లలు తిరిగి రాలేదు. కథలత్తది చిన్నప్పుడు చేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలిన గొంతు. "ఆడపిల్లకి ఇంత గొంతేమిటే!" అని వాళ్ళమ్మ నెత్తిన మొట్టేది.

కొత్త కథ ఏదైనా సరే, శుక్రవారం సాయంత్రం మొగుడికి చెప్పి చూసుకుంటుంది. ఆయన గోడ గడియారాలు బాగుచేస్తాడు. కంటికి అద్దం బిగించుకుని, తల ఎత్తకుండా ఊఁ కొడతాడు. చేతిలోని స్క్రూ తిరగడం ఆగిందా, కథ నిలబడినట్టే.

చాప పరుస్తుంటే లైబ్రేరియన్ పెద్దసారు మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఇవాళ తనిఖీ అధికారి వస్తున్నారు."

"రానీండి సార్. చాప దులిపే ఉంచాను."

"చాప కాదమ్మా, ఫిర్యాదుల పుస్తకం! నూట పదకొండున్నాయి. అన్నీ శనివారం గోల మీదే, అన్నీ ఆ మూల కుర్చీ పెద్దమనిషివే. నేను నెలనెలా అంకె వేసి పంపించడమే గానీ విప్పి చదివిన పాపాన పోలేదు. ఆ అంకె చూసి పైవాళ్ళు అదిరిపోయారు. కథలుండాలో మానాలో ఇవాళే తేల్చేస్తారట."

ఆమె చేతిలో చాప సగంలో ఆగింది. "మానేయమంటారా?"

"నీ ఉద్యోగానికేం ఢోకా లేదులే. లోపలి గదిలో కూర్చుని హాయిగా లేబుళ్ళు అతికించుకో."

ఆ 'హాయిగా' ఆమెకు చేపముల్లులా గుచ్చుకుంది.

"ఈ ఒక్క రోజూ కాస్త గొంతు తగ్గించి చెప్పమ్మా."

"పులి గుసగుసలాడితే దాన్ని పిల్లి అంటారు సార్."

మూల కుర్చీ పెద్దమనిషికి పిల్లలు పెట్టిన పేరు ఉష్ తాత. లైబ్రరీ కుర్చీ గట్టిదని ఇంటి నుంచి గళ్ళ గుడ్డ మెత్త తెచ్చుకుని, దాన్ని అక్కడే ఉంచేశాడు. రెండేళ్ళకు పైగా ప్రతి శనివారం పదకొండింటికి వచ్చి, పేపరును గోడలా ఎత్తిపట్టుకుని దాని వెనక కూర్చునేవాడు. కథ మాంచి పట్టులో ఉండగా గోడ వెనక నుంచి "ఉష్ష్!" అని వినపడేది. కథ అయ్యాక ఫిర్యాదుల పుస్తకంలో నాలుగు ముక్కలు గీకి, ఆమె మొహమైనా చూడకుండా వెళ్ళిపోయేవాడు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత, ఎలాగూ వచ్చేదే కదా, కథలో కలిపేసుకుంటే పోలా అనిపించింది. ప్రతి కథ చివరా ఆ ఉష్‌కి సరిపడా జాగా వదలడం మొదలుపెట్టింది. జంతువులన్నీ గోల గోల చేస్తాయి, పేపరు వెనక నుంచి ఉష్ వస్తుంది, పిల్లలు పడీ పడీ నవ్వుతారు. కథ అప్పుడు కంచికి పోతుంది.

ఇవాళ పదకొండు దాటింది. మూల కుర్చీ ఖాళీ. తనిఖీ రోజున రాకపోవడమే మేలు, పీడ వదిలింది అనుకుందామె.

పళ్ళూడిన తొస్సి పిల్ల అందరికంటే ముందు కూర్చుని, "గురక కథే చెప్పాలి!" అని చాపను గుద్దింది. సరేనని ఆమె పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పి పట్టుకుంది. ఓ ఎలుగుబంటి గురక పోగొట్టుకుని అడవంతా వెతుకుతుంటుంది. సారు మాట కాదనలేక నెమ్మదిగా మొదలుపెట్టింది. రెండు పేజీలు తిరిగేసరికి తొస్సి పిల్ల మోకాళ్ళ మీద లేచి ఆమె నుదురు తాకి చూసింది.

"అత్తా, నీకు జొరమా?"

పిల్లలందరి మొహాల్లోనూ అదే దిగులు. అద్దాల తలుపు అవతల అధికారి ఫిర్యాదుల పుస్తకం మీదికి వంగి ఉన్నాడు. ఆమె ఒక్క క్షణం అటు చూసింది. ఆపేస్తే ఆపేశారు గానీ, ఆఖరి కథ జబ్బు మనిషిలా చెప్తానా అనుకుంది.

"జొరమూ లేదు గిరమూ లేదు. పాడండర్రా!"

*గుర్రు గుర్రు నా గురకా*
*ఎక్కడున్నావే నా గురకా?*
*పుట్టలో ఉన్నావా, గట్టున ఉన్నావా,*
*పిల్లల ముక్కుల్లో నక్కున్నావా?*

ముప్పై ముక్కులు ఒక్కసారిగా గురక పెట్టాయి. కిటికీ అద్దాలు అదిరాయి. ఒకడైతే గురక పెట్టీ పెట్టీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆమె అలవాటు చొప్పున పుస్తకం సగం మూసి, జాగా వదిలింది.

ఉష్ రాలేదు.

పిల్లలు ఊపిరి బిగబట్టి మూల కుర్చీ వైపు చూశారు. "తాతేడీ? కథ ఇంకా అవలేదుగా!" అన్నాడొకడు. ఉండబట్టలేక మళ్ళీ గురక అందుకున్నారు.

అద్దాల తలుపు భళ్ళున తెరుచుకుంది. అధికారి ఒక వేలు ఫిర్యాదుల పుస్తకంలో గుర్తుగా దూర్చి, రెండో వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"ఉష్ష్! నన్ను చదువుకోనివ్వరా?"

చాప మీద నవ్వులు దొర్లాయి. "కొత్త తాత! కొత్త తాత!" అని చప్పట్లు. ఇంకా నలభై దాటని అధికారి చెయ్యి తనంతట తానే జుట్టు మీదికి పోయింది.

పిల్లలు బొమ్మల పుస్తకాల మీద పడ్డాక ఆమెను దగ్గరికి పిలిచాడు. "ఇవెప్పుడైనా చదివారా?"

"లేదు సార్. చదివితే ఏడుపొస్తుందని."

"అయితే వినండి. మొదటిది: 'భరించరాని గోల. తక్షణం ఆపించగలరు.'"

ఆమె తల దించుకుంది.

"తొమ్మిదోది: 'గోల. పైగా నక్క గొంతూ తోడేలు గొంతూ ఒక్కటే. తేడా ఉండవలెను.'"

"ఆ వారం జలుబండీ," అంది, ఉండబట్టలేక.

"ముప్పై నాలుగోది: 'తాబేలు కథ పోయిన నెలలో చెప్పినదే. శ్రోతలను మోసగించుట తగదు.' అరవయ్యోది: 'ఈ వారం కథ లేదని ముందుగా తెలియజేయలేదు. ఎండలో వచ్చి తిరిగిపోయితిని.' ఇదిగో: 'పళ్ళూడిన పాపకు బొమ్మలు కనబడుట లేదు. ముందు వరసలో కూర్చుండబెట్టగలరు.' పోయిన శనివారానిది: 'ఎలుగుబంటి గురక చాలలేదు. వచ్చే వారం మరల చెప్పించి సరిచేయగలరు.'"

పెద్దసారు పైకప్పుకేసి చూస్తున్నాడు. ఆమెకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చి, ఏది ముందో తెలియక తుడుపుగుడ్డతో మొహం అద్దుకుంది. అధికారి పెన్ను తీసి నూట పదకొండో ఫిర్యాదు కింద రాశాడు: 'అన్నియు పరిశీలించితిని. కథలు సాగవలెను. నక్క గొంతు విషయమై శ్రద్ధ వహించవలెను.'

"ఈ పెద్దాయన్ని ఒకసారి చూడాలమ్మా. ఎప్పుడొస్తారు?"

"ప్రతి శనివారం పదకొండింటికే సార్. ఇవాళే రాలేదు," అందామె. కౌంటరు దగ్గర మెంబరు కార్డు పట్టుకుని నిలబడిన ఒకావిడ అటు తిరిగింది.

"మా మామయ్యగారేనండీ. బుధవారం పోయారు. నిద్దట్లోనే, సుఖంగా. కార్డు ఇచ్చేసి, మెత్త తీసుకెళ్దామని వచ్చాను." కార్డు బల్ల మీద పెట్టి, "ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. శనివారం మాత్రం పొద్దున్నే తయారై, పదకొండింటికి నాకు డ్యూటీ ఉందమ్మా అని బయల్దేరేవారు. ఈ వయసులో ఏం డ్యూటీ అని నవ్వుకునేవాళ్ళం," అంది.

"నవ్వులాట డ్యూటీ కాదమ్మా," అంది కథలత్త. గొంతు మొదటిసారి నిజంగానే తగ్గింది. "ఇక్కడ ప్రతి కథకీ ఆఖరి మాట ఆయనదే."

ఆ కోడలు మూల కుర్చీ వైపు చూసింది. చుట్టూ పిల్లలు పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు గానీ, ఒక్కరూ దాని మీదికి ఎక్కలేదు.

"ఉండనీండి," అంది. "మా ఇంట్లో అంత గట్టి కుర్చీ లేదు."

అందరూ వెళ్ళాక తొస్సి పిల్ల వాళ్ళమ్మ కోసం గుమ్మంలో నిలబడింది. తాత ఇక రాడని చెబితే చాలాసేపు ఆలోచించింది.

"మరి వచ్చేవారం ఉష్ ఎవరంటారు?"

"నువ్వను."

"నాకు పళ్ళు లేవుగా. గాలి పోతుంది."

"ఉష్‌కి కావలసింది గాలేనే, పిచ్చితల్లీ!"

ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా "ఉఫ్! ఉఫ్!" అని సాధన చేస్తూనే ఉంది.

కథలత్త చాప చుట్టింది. బల్లలు తుడిచింది. కుర్చీలన్నీ దులిపి మూలకు వచ్చింది. గళ్ళ మెత్తను చేతిలోకి తీసుకుని, అలవాటుగా గోడకేసి కొట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. దాన్ని మళ్ళీ కుర్చీలో ఎలా ఉందో అలాగే పెట్టింది, మధ్యలో మనిషి కూర్చున్నంత గుంటతో సహా.