ఏలియా నుదుటికి తగిలిన బంతిని

నేను ఒక తోలు బంతిని. జలంధర్‌లో ఓ ముసలాయన నా ముక్కలన్నీ మైనం రాసిన దారంతో కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి రైలెక్కించాడు. సికింద్రాబాదులో ఓ ఫుట్‌బాల్ క్లబ్బు నన్ను కొంది. అక్కడే ఏలియా చేతికి చిక్కాను. చేతికి అనకూడదు, తలకి.

ఏలియా ఆ క్లబ్బులో జీతానికి ఆడే డిఫెండరు. నేనెంత ఎత్తున వచ్చినా ఎగిరి నుదుటితో వెనక్కి కొట్టేవాడు. పొద్దున ప్రాక్టీసులో యాభైసార్లు, సాయంత్రం మళ్లీ. జనం ఈలలేసి 'ఇనప తల' అని పేరు పెట్టారు. మనుషులు ఎవరినైనా మెచ్చుకోవడం మొదలుపెడితే, ముందు అతను మనిషన్న సంగతే మరిచిపోతారు.

ఫైనల్ రోజు వాన. తోలు నీళ్లు పీల్చి నేను రాయిలా బరువెక్కాను. గోల్లోకి దూసుకెళ్తున్న నన్ను ఏలియా తలతో అడ్డుకుని బురదలో పడ్డాడు. లేచి, "మనం ఎటువైపు ఆడుతున్నాం?" అని గోల్‌కీపర్ని అడిగాడు. అతను నవ్వి, భుజం పట్టుకుని ఎదుటి గోలు వైపు తిప్పాడు. ఆట సాగింది. గెలిచారు. నన్ను ఏలియాకే బహుమతిగా ఇచ్చారు.

అతని భార్య రూతమ్మ నన్ను బీరువా మీద పెట్టింది. యాభై దాటాక ఏలియా స్నానం చేసొచ్చి మళ్లీ స్నానానికి వెళ్లేవాడు. చిన్న మాటకే కంచం విసిరేసి, తర్వాత వెక్కి వెక్కి ఏడ్చేవాడు. ఓ మధ్యాహ్నం మార్కెట్ నుంచి ఇంటి దారి తెలియక తూలుతూ తిరుగుతుంటే పక్కింటావిడ తీసుకొచ్చింది.

"మీ ఆయన పట్టపగలే తాగిండు, చూస్కో" అంది.

"మా ఆయన జన్మలో చుక్క ముట్టలేదు" అంది రూతమ్మ.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆమె గుమ్మంలోనే కూలబడి చెల్లెలితో చెప్పింది: "బంతి దెబ్బలేనంట. ఒక్కటి కాదు, ఆ ఏళ్లన్నిటివీ. మెదడు దెబ్బతిందంట. ఇంక తగ్గదంట."

బీరువా మీద నేనున్నాను. దిగి వెళ్లిపోదామంటే కాళ్లు లేవు.

మర్నాడు రూతమ్మ నన్ను దించి, బయట పారేయడానికి వాకిట్లోకొచ్చింది. అరుగు మీది ఏలియా చూశాడు. ఫైనల్ అతనికి గుర్తులేదు. అయినా లేచి, నుదురు ముందుకు చాచి నిలబడ్డాడు.

"వెయ్యి" అన్నాడు.

రూతమ్మ దగ్గరికెళ్లి ఆ నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"తలతో వద్దండీ. కాలితో ఆడదాం."

ఎన్నడూ బంతి తన్నని మనిషి, కుచ్చిళ్లు దోపుకుని తన్నింది. నేను వంకరగా గోడ వైపు పోయాను. ఏలియా ఒక్క అంగలో నన్నాపి, మెల్లగా ఆమె పాదం దగ్గరికి పంపాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇదే ఆట. నేను పైకి లేవకుండా రూతమ్మ నాలో గాలి సగమే ఉంచుతుంది. నేల మీదే దొర్లుతుంటాను. నిన్న ఏలియా ఆట ఆపి ఆమెను తేరిపార చూశాడు.

"బాగా ఆడుతున్నారు. ఏ టీమమ్మా మీది?"

ఆమె కొంగుతో అతని చెమట తుడిచింది.

"మీ టీమేనండీ."