ముడి లేని ఇల్లు

కోడలికి నొప్పులు మొదలయ్యాయనగానే గురవమ్మ ముందు ట్రంకుపెట్టె తాళం తీసింది. తరువాత దూడ మెడలో పలుపు విప్పింది. పప్పుల మూటలు విప్పింది, దండెం తాడు విప్పింది, చివరికి తన కొప్పు కూడా విప్పేసి జుట్టు విరబోసుకుంది. కానుపు జరిగే ఇంట్లో ఎక్కడా ముడి ఉండకూడదు, తాళం పడి ఉండకూడదు. ఉంటే బిడ్డకు దారి దొరకదని ఆమెకు అత్త చెప్పింది, అత్తకు వాళ్ళ అత్త చెప్పింది. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. గురవమ్మకు మాత్రం నవ్వే ధైర్యం లేదు. రెండేళ్ళ కిందట ఇదే ఇంట్లో ఆమె ఒక తాళం మరిచిపోయింది.

కోడలు సుబ్బరత్నం తల్లి లేని పిల్ల. అందుకని తొలికానుపుకు కూడా పుట్టింటికి, నూజెండ్లకు పంపకుండా ఇక్కడే, నడికుడి పక్కనున్న ఈ ఊళ్ళోనే ఉంచుకున్నారు. ఆ రోజు పిల్ల నొప్పులకు తాళలేక అరుస్తుంటే, సైకిలు మీద తిరిగే డాక్టరొకాయన వచ్చి, తొందరగా అయిపోతుందంటూ ఒక సూది పొడిచాడు. ఇక చూడండి, నొప్పులు ఒకదాని మీద ఒకటి విరుచుకుపడ్డాయి, నడుమ ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఊరు ఊరంతా ఆ సూదిని తిట్టింది. గురవమ్మ కూడా తిట్టింది. పదకొండో రోజున చీర కోసం వెళ్ళి చూస్తే ట్రంకుపెట్టెకు తాళం వేసినది వేసినట్టే ఉంది. ఆ సంగతి కొడుకు నాగులుకు చెప్పలేదు, కోడలికి అసలే చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఈసారి సుబ్బరత్నం ముందే తేల్చేసింది. “సూది వద్దత్తా. ఎంత నొప్పయినా పడతా. సూది మాత్రం వద్దు.”

అందుకే మంత్రసాని కుల్సుంకు కబురుపెట్టారు. కుల్సుం సర్కారు శిక్షణ పొందిన మనిషి. వాళ్ళిచ్చిన అల్యూమినియం పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది, పొట్ట తడిమి చూసింది.

“తల కిందికే ఉంది, మంచిదే. ఒక్కమాట ఇను వదినా. మూడింటి మాచర్ల పాసింజరు కూత ఏసేలోగా కాకపోతే జీపెక్కించి ఆసుపత్రికి పోవాల్సిందే. ఒప్పుకుంటేనే చెయ్యేస్తా.”

నాగులు నాపరాయి క్వారీ నుంచి పరుగున వచ్చి, ఆ పరుగునే జీపు మాట్లాడడానికి పోయాడు.

“మరి అందాకా నొప్పికి ఏం చేస్తావు వదినా?” అంది గురవమ్మ.

“ఒక్కదానికి లొంగే రకం కాదు ఇది. కాపడం ఒకటే పెడితే కాసేపే. నాలుగూ కలిపి పట్టాల. నడుముకు ఉప్పు కాపడం, నోటికి ఊపిరి, చేతులకు ఊత. నొప్పి లేనప్పుడు నడక.”

చెప్పినట్టే చేసింది. నొప్పి తగ్గినప్పుడల్లా సుబ్బరత్నాన్ని నాపరాళ్ళ వాకిట్లో అటూ ఇటూ నడిపించింది. నొప్పి వచ్చినప్పుడు వేయించిన ఉప్పును గుడ్డలో పోసి, కొసలు చేత్తోనే బిగించి పట్టుకుని నడుముకు ఆనించింది. “పొయ్యి ఊదినట్టు ఊదమ్మా, నిదానంగా. పొయ్యి ఆరిపోకూడదు, బూడిద లేవకూడదు” అంటూ తనూ ఊదింది. పిల్ల ఊదుతోంది, వణుకుతోంది, అయినా తట్టుకుంటోంది. ఎదురుగా నిలబడి గురవమ్మ కూడా తనకు తెలియకుండానే బుగ్గలు పూరించి ఊదేస్తోంది.

ఆ తరువాతే వచ్చింది అసలు గొడవ. కుల్సుం ఒక పాత నేతచీర తెమ్మని, దూలం మీదుగా వేసి, పైన గట్టిగా ముడివేసి వేలాడదీసింది. నొప్పి వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని వేలాడితే నడుము మీది బరువు తేలికవుతుందట.

“ముడా?” అంది గురవమ్మ.

“ముడెయ్యకుంటే బరువెట్టా ఆగిద్ది?”

నిజమే, ఎలా ఆగుతుంది? కానీ సరిగ్గా పిల్ల నెత్తి మీద, ఇల్లంతా విప్పేసిన తరువాత, ముడి! పన్నెండింటికి క్వారీలో రాయి పగలగొట్టే తూటాలు పేలాయి. ఒంటిగంట అయింది. రెండయింది. బిడ్డ దిగలేదు. గురవమ్మ చూపు ఆ ముడి మీదే ఉంది. వద్దని నోరు విప్పితే పెట్టె సంగతి కూడా బయటపడుతుంది.

కుల్సుం పిల్లను వాకిట్లో నడిపిస్తున్న సమయం చూసి, గురవమ్మ పీట ఎక్కి ముడి విప్పేసింది. చీరను దూలం మీదుగా రెండు చుట్లు తిప్పి వదిలింది. ఆగుతుందిలే అనుకుంది. అంత పెద్ద మనిషి అలా ఎలా అనుకుందో ఏమో!

నొప్పి తోసుకొచ్చింది. సుబ్బరత్నం లోపలికి వచ్చి చీర పట్టుకుని ఒక్కసారిగా వేలాడింది. చీర సర్రున జారి ఊడి వచ్చేసింది. వెనక నడుము పట్టుకుని ఉన్న కుల్సుం మీద పిల్ల పడింది, ఇద్దరూ నేల మీద పడ్డారు.

“యా అల్లా!” కుల్సుం కుడి మణికట్టు మడతపడింది. అది చూసుకోకుండా ఎడమచెయ్యి పొట్ట మీద వేసింది.

“కదుల్తా ఉంది” అంది కుల్సుం చివరికి. అప్పుడు తలెత్తింది. “ఎవరిప్పారు ఇది? బుద్ధుందా అసలు?”

“నేనే” అని గురవమ్మ ఘొల్లుమంది. “ముడుంటే బిడ్డ రాదని ఇప్పా. అప్పుడు పెట్టె తాళం మర్చిపోయానే సుబ్బరత్నం! నా వల్లే పోయాడే నీ కొడుకు!”

సుబ్బరత్నం చెమటతో తడిసిన మొహం తిప్పి అత్తను చూసింది. “పెట్టె ఏంది, అత్తా? నన్ను పొడిచింది సూది. రెండేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని తిరిగావా?” ఇంకా ఏదో అనబోయింది, ఈలోగా మళ్ళీ నొప్పి వచ్చింది. “చీర! చీరెయ్యండి!”

ముడివేసే వ్యవధి లేదు. గురవమ్మ చీరను దూలం మీదికి విసిరి, అవతలి కొస రెండు చేతులకూ చుట్టుకుని నేల మీద కూలబడింది. “పట్టుకో తల్లీ. నేను వదల్ను.”

పిల్ల ఇవతలి కొస పట్టుకుని వేలాడింది. గురవమ్మ భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. కుల్సుం ఎడమచేత్తో కాపడం అదుముతూ “ఊదు, ఊదు” అంటోంది. ముగ్గురూ ఊదుతున్నారు. ఒక నొప్పి, ఇంకో నొప్పి, మళ్ళీ ఇంకోటి. చీర ఒరిపిడికి గురవమ్మ అరచేతులు కమిలిపోయాయి. దూరంగా పాసింజరు కూత వేసింది. బయట జీపు ఆగిన చప్పుడు. గురవమ్మకు ఏడుపొచ్చింది, చేతులు మాత్రం వదల్లేదు.

“జీపును ఉండమను. తల కనపడ్డది” అంది కుల్సుం.

బిడ్డ జారి వచ్చింది. ఆడపిల్ల. గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం గురవమ్మకు తెలుసు, అచ్చం అప్పటిదే. కుల్సుం బిడ్డ వీపు రుద్దింది, మళ్ళీ రుద్దింది. అప్పుడు బిడ్డ గుక్కపట్టి కెవ్వుమంది. వాకిట్లో నాగులు కూడా ఏడ్చేశాడు.

కుల్సుం పెట్టెలోంచి ఉడికించిన దారం తీసింది కానీ, వాచిన మణికట్టుతో బిగించలేకపోయింది. “చేతులు సబ్బుతో కడుక్కుని రా వదినా. బొడ్డుకు ముడెయ్యాల.”

“నేనా? ముడా?”

“రెండు. నడుమ కోస్తా. వదులైతే రక్తం పోయిద్ది, బిడ్డ దక్కదు.”

కడుక్కుంటుంటే అరచేతులు భగ్గున మండాయి. ఆ చేతులతోనే మొదటి ముడి వేసింది. వేసి కోడలి వైపు చూసింది.

“గట్టిగా ఎయ్యత్తా” అంది సుబ్బరత్నం కళ్ళు మూసుకునే. “రెండోది కూడా నువ్వే ఎయ్యి.”

గురవమ్మ రెండో ముడి వేసి, దారం తెగుతుందేమోనన్నంత గట్టిగా బిగించింది.